ముందు వెతికే ల్యూర్, తర్వాత పట్టే ల్యూర్

సంపాదకులకు,

అయ్యా,

సముద్రపు ఒడ్డున నిలబడి గాలం వేయడం గురించి మీ కడప జిల్లా పేజీలో వచ్చిన కథనం చదివాం. సముద్రానికి నూటయాభై కిలోమీటర్ల పైన దూరంలో ఉన్న మన ఊళ్ళలోనూ ఈ సరదా పెరిగిందని గుర్తించినందుకు సంతోషం. అయితే ల్యూర్ల (బతికిన ఎర బదులు దారానికి కట్టే కృత్రిమ ఎరల) సంగతి వచ్చేసరికి మెరిసే రంగు, పెద్ద సైజు చూసి కొనుక్కోమని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ మాట నమ్మి డబ్బులు పోసేవాళ్ళు, పొద్దంతా విసిరి విసిరి భుజాలు నొప్పెట్టి ఉత్త చేతులతో తిరిగొచ్చేవాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు. అందుకే కాస్త పొడుగైనా వివరంగా రాస్తున్నాం. చివర్లో పత్రికకు ఒక విన్నపం కూడా ఉంది.

గుత్తి, తాడిపత్రి, ముద్దనూరు, మైదుకూరు, బద్వేలు మీదుగా నెల్లూరు దాటి కృష్ణపట్నం చేరే 67వ నంబరు జాతీయ రహదారి వెంట శనివారం రాత్రి బయలుదేరి, మబ్బుతోనే మైపాడు ఒడ్డున దిగేవాళ్ళు అనంతపురం, కడప జిల్లాల నుంచి వస్తున్నారు. కర్నూలు వైపు వాళ్ళు చీరాల వాడరేవుకు పోతారు. వీళ్ళ సంచుల్లో ఉండేవి మాత్రం మైలవరం, గండికోట, బ్రహ్మంసాగర్ గట్ల మీద కొర్రమీనుకు వాడే సరంజామానే. ఏడడుగుల రాడ్డు, పది పదిహేను గ్రాముల రబ్బరు కప్పలు, లాగితే రేకు గిర్రున తిరిగే చిన్న స్పిన్నర్లు. రబ్బరు కప్ప చెడ్డది కాదు. లోపల బోలుగా ఉండి తేలుతుంది, గాలం మొనలు వీపుకు ఆనుకుని ఉంటాయి కాబట్టి తూటికాడలో, తామరాకుల్లో తట్టుకోకుండా జారుతుంది. దాన్ని తయారుచేసిందే ఆ పనికి. సముద్రపు గాలిలో అది కొద్ది దూరం దాటదు. దాటినా మొదటి అల దాన్ని దొర్లించుకుంటూ తెచ్చి మన కాళ్ళ దగ్గర పడేస్తుంది. అలల్లో తట్టుకునే మొక్కలే లేవు, ఇక తట్టుకోని గాలంతో పనేముంది?

చెరువుకూ సముద్రానికీ అసలు తేడా ఇంకొకటి ఉంది. చెరువులో కొర్రమీను ఏ కలుపు కింద ఉంటుందో గట్టు మీంచే కనిపెట్టవచ్చు. సముద్రపు ఒడ్డు మైళ్ళ కొద్దీ ఒకేలా కనిపిస్తుంది. చేప తిరుగుతూ ఉంటుంది, నిలకడగా ఒకచోట కాపు వేయదు. కాబట్టి ఒడ్డున ల్యూర్‌కు రెండు వేర్వేరు పనులు ఉంటాయి. మొదటిది చేప ఎక్కడుందో వెతకడం. రెండోది, ఉందని తెలిశాక దాన్ని పట్టడం. వెతికే ల్యూర్ దూరం పోవాలి, వేగంగా రావాలి, గంటలో ఎక్కువ నీళ్ళు గాలించాలి. పట్టే ల్యూర్ ఆ కొద్ది చోటులో నెమ్మదిగా, చేపకు తీరిక ఇచ్చేలా ఆడాలి. ఈ రెండు పనులూ ఒకే ల్యూర్‌తో చేయించబోవడమే మనవాళ్ళు చేసే పెద్ద పొరపాటు. నెమ్మదిగా ఆడే రబ్బరు చేపతో ఖాళీ నీళ్ళను గంటల తరబడి దువ్వుతారు, లేదంటే ఎక్కడ చేప తగిలిందో అక్కడే వేగంగా లాగే లోహపు ల్యూర్‌ను విసురుతూ ఉండి వచ్చిన చేపను బెదరగొడతారు.

ల్యూర్ తీయకముందు నీళ్ళు చూడాలి. పొద్దు పొడిచే వేళకు ఒడ్డు మీద కాస్త ఎత్తైన చోట పది నిమిషాలు కూర్చుంటే చాలు. అల ఎక్కడ తెల్లగా విరుగుతోందో అక్కడ లోతు తక్కువ, ఇసుక తిన్నె ఉంది. తెలుపు లేకుండా నల్లగా, నున్నగా కనిపించే చోట లోతు ఉంది. ఒడ్డుకూ మొదటి తిన్నెకూ మధ్య ఒడ్డు వెంబడే సాగే లోతైన కాలువ ఒకటి ఉంటుంది. పార, మాగ, పండుగప్ప చేపలు తిరిగే దారి అదే. తిన్నె తెగి నీళ్ళు తిరిగి లోపలికి పోయే గండ్లు అక్కడక్కడ ఉంటాయి. అటూ ఇటూ అల విరుగుతుంటే ఆ నడుమ మాత్రం విరగదు, నురగ, ఇసుక రంగు నీళ్ళు లోపలికి పాకుతుంటాయి. చిన్న చేపలు ఆ ఒరవడిలో కొట్టుకుపోతాయి గనుక పెద్దవి గండి అంచుల్లో కాచుకుంటాయి. ల్యూర్ వేయాల్సింది గండి అంచుకు, మనిషి దిగకూడనిది గండిలోకి. ఒడ్డున మునిగిపోయే ప్రాణాలు ఎక్కువగా ఈ లాగుడులోనే పోతాయి. మన వైపు పిల్లలకు చెరువు ఈత వస్తుంది, ఈ ఒరవడి సంగతి తెలియదు. మోకాలు దాటి నీళ్ళలో దిగకపోవడమే మంచిది. దిగకుండా ఆ దూరం అందుకోడానికే కదా పొడుగు రాడ్డు.

చూడాల్సింది ఇంకొకటి ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. తెల్లవారి ఒడ్డున అలివి వల లాగుతుంటే దగ్గరికి పోయి నిలబడండి. "అన్నా, ఈ పొద్దు ఏం పడ్డాయి?" అని మర్యాదగా అడిగితే చెప్పనివారు ఉండరు. వలలో నెత్తళ్ళు ఎక్కువ ఉంటే ఆ పొద్దు పెద్ద చేప తినేది వేలెడంత సన్నటి చేపను. అప్పుడు ఏడెనిమిది సెంటీమీటర్ల సన్న మెటల్ (లోహపు ల్యూర్) వేయాలి. కవళ్ళు పడుంటే కాస్త వెడల్పు పొట్ట ఉన్న ల్యూర్, కత్తిపరిగెలు పడుంటే పన్నెండు సెంటీమీటర్ల పొడుగు మినో (చేప బొమ్మ ల్యూర్). దుకాణంలో ఎంత సేపు నిలబడినా దొరకని జవాబు ఆ వల అడుగున దొరుకుతుంది.

ఇక వెతికే ల్యూర్ అంటే, ఒడ్డు మీద మెటల్‌ను మించింది లేదు. 28 నుంచి 40 గ్రాముల బరువు. ఇందులో రెండు రకాలు. వెడల్పుగా, పలచగా ఉండే స్పూన్ ఒకటి. ఇది నెమ్మదిగా లాగినా ఊగుతుంది, దిగేటప్పుడు ఆకు రాలినట్టు అటూ ఇటూ జారుతుంది, అయితే గాలికి తేలిపోయి దూరం తగ్గుతుంది. బొద్దుగా, చిక్కగా ఉండే జిగ్ రెండోది. ఇది బాణంలా పోతుంది, బండరాయిలా మునుగుతుంది. నెమ్మదిగా లాగితే చచ్చిన ఇనుములా వస్తుంది, వేగంగా లాగితేనే బతుకుతుంది. రెండూ ఒక్కొక్కటి సంచిలో ఉండాలి. అదే బరువున్న చెక్క, ప్లాస్టిక్ ల్యూర్ కంటే మెటల్ చాలా దూరం పోతుంది, ఎందుకంటే గాలిని కోసుకుపోయేంత చిన్నది.

వెతికే పద్ధతి గడియారం ముల్లు లాంటిది. ఒకచోట నిలబడి ఎదురుగా ఉన్న సముద్రాన్ని పది గంటల దిక్కు నుంచి రెండు గంటల దిక్కు దాకా ఐదు భాగాలు అనుకోండి. ఒక్కో దిక్కుకు రెండు వేతలు. మొదటిది నీటి పైపొరలో, పడీపడగానే లాగాలి. రెండోది కిందికి దిగనిచ్చి లాగాలి. ఒడ్డు కాలువలో లోతు నిలువు మనిషి అంత ఉంటుంది కాబట్టి రెండు మూడు అంకెలు లెక్కపెట్టేలోగా మెటల్ అడుగు తాకుతుంది. తాకగానే రాడ్డు ఎత్తి లాగాలి, లేదంటే ఇసుకలో దున్నుకుంటూ గాలం మొన మొద్దుబారుతుంది. 4000 సైజు రీలు ఒక్క చుట్టుకు మీటరుకు కొంచెం తక్కువ లాగుతుంది. సెకనుకు ఒక చుట్టు చొప్పున తిప్పితే అరవై మీటర్ల వేత నిమిషంలో వస్తుంది. పది వేతలు పావుగంట. పావుగంటలో ఒక్క తాకుడూ లేకపోతే నలభై యాభై అడుగులు జరగండి. జరగడానికి బద్ధకించొద్దు. చేప తిరుగుతుంటే మనం మేకు కొట్టినట్టు నిలబడితే ఎలా? తోలుపార, పార లాంటివి వేగాన్ని చూసి తరుముతాయి, వాటికి ఇంకొంచెం వేగం పెంచినా తప్పులేదు.

గాలి సంగతి ఇక్కడే చెప్పాలి. తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది, వీపు మీద తగులుతుంది. అప్పుడు తేలిక ల్యూర్లు కూడా బాగా పోతాయి. పొద్దెక్కి నేల వేడెక్కాక గాలి తిరగబడి సముద్రం నుంచి మొహానికి కొడుతుంది. ఆ గాలికి ఎదురుగా మినో విసిరితే గాల్లో పల్టీలు కొట్టి, గాలం తన దారానికే తగులుకుని తిరగబడి వస్తుంది. చాలామంది వరస తప్పేది ఇక్కడే. చల్లటి వేళ మెటల్‌తో గడిపి, గాలి లేచాక తేలిక ల్యూర్ తీస్తారు. తేలిక ల్యూర్లతో చేయాల్సిన పని పొద్దున్నే ముగించాలి. గాలి తిరిగాక మెటల్ తప్ప వేరేది తీయొద్దు.

తాకుడు తగిలింది, లేదా ఒకచోట చిన్న చేపలు చినుకుల్లా నీటి పైకి చిమ్ముతున్నాయి, తెల్ల పిట్టలు దిగి లేస్తున్నాయి. అప్పుడు మెటల్ విప్పి పట్టే ల్యూర్ కట్టాలి. ఇక్కడ మినో, రబ్బరు చేప రెండూ పనికొస్తాయి.

మినో అంటే ముక్కు దగ్గర ప్లాస్టిక్ నాలుక ఉన్న చేప బొమ్మ. 11 నుంచి 13 సెంటీమీటర్లు, 18 నుంచి 25 గ్రాములు. నాలుక ఎంత పొడుగైతే అంత లోతుకు దిగుతుంది. ఒడ్డుకు కావాల్సింది పొట్టి నాలుక, అరమీటరు నుంచి మీటరు లోతు దిగేది చాలు. పొడుగు నాలుకది కొంటే అడుగున ఇసుక తవ్వుతుంది. తేలే రకం తిన్నెల మీద పల్చటి నీళ్ళకు, మునిగే రకం అల బలంగా ఉన్న కాలువకు. దూరం పోయే మినోల లోపల ఉక్కు గుళ్ళు ఉంటాయి. విసిరినప్పుడు అవి తోక వైపుకు దొర్లి బాణంలా పోయేలా చేస్తాయి. నీళ్ళలో పడ్డాక అవి ముందుకు రాకపోతే మినో తోక కిందికేసి చచ్చినట్టు వస్తుంది. కాబట్టి పడగానే రాడ్డుతో ఒక్క కుదుపు ఇవ్వాలి. ఈ చిన్న సంగతి తెలియక ఈ ల్యూర్ ఆడదు అని పారేసినవి చాలా ఉన్నాయి.

ఇంకో సంగతి. ఏ మినో అయినా కొత్తచోట మొదటి వేతకు ముందు కాళ్ళ దగ్గరి నీళ్ళలో రెండు మీటర్లు లాగి చూడండి. నిటారుగా నిలబడి, రెండు పక్కలకూ సమానంగా ఒణకాలి. ఒకవైపుకే తప్పుకుపోతుంటే ముక్కు దగ్గరి దారం కట్టే వైరు కన్ను వంగిందన్నమాట. ఎటు తప్పుతోందో దానికి ఎదురు దిక్కుకు ఆ కన్నును పటకారుతో వెంట్రుకవాసి వంచాలి. వెంట్రుకవాసి అంటే అంతే. ఎక్కువ వంచితే ఇంకోవైపు తప్పుతుంది, మళ్ళీ మళ్ళీ వంచితే కన్ను చీలి లోపలికి నీళ్ళు పోతాయి. గాలానికి పాత వల పోగు చుట్టుకున్నా ఆట చెడుతుంది. వైరు ముట్టకముందు ఆ పోగు ఉందేమో చూడాలి.

రబ్బరు చేప మరీ నెమ్మది పనిముట్టు. తోక గరిటెలా ఉండే నాలుగైదు అంగుళాల చేప, దానికి సీసపు తల ఉన్న గాలం. నీళ్ళు నిదానంగా ఉంటే 14 గ్రాముల తల, మామూలుగా 21, లాగుడు ఎక్కువుంటే 28. బరువు సరిపోయిందో లేదో చూడడానికి ఒక పరీక్ష ఉంది. వేశాక ఐదు అంకెల లోపల అడుగు తగిలినట్టు చేతికి తెలియాలి, ఆ తర్వాత వచ్చే ప్రతి అలకూ కాస్త లేవాలి. అడుగే తెలియకపోతే బరువు పెంచాలి. ఎత్తిన ప్రతిసారీ ఇసుకలోంచి పీకినట్టు ఉంటే తగ్గించాలి. గుచ్చడంలోనే అందరూ తొందరపడతారు. ముందు గాలాన్ని రబ్బరు చేప పక్కన ఆనించి, కొక్కెం ఎక్కడ బయటికి రావాలో గోటితో గుర్తు పెట్టుకోవాలి. మూతి నడిమధ్య నుంచి గుచ్చి, సరిగ్గా ఆ గుర్తు దగ్గరే వీపు గీత మీద బయటికి తీయాలి. కాస్త పక్కకు పోయినా ఒళ్ళు వంకర తిరిగి, లాగినప్పుడు బొంగరంలా తిరుగుతుంది. దారం మెలి పడుతుంది. ఆ మెలి తర్వాతి వేతలో గుత్తిగా ఊడి రీలు మొత్తం చిక్కుపడుతుంది. తప్పు రీలుదనుకుని రీలును తిడతారు. తోకలు కొరికేసే చిన్న చేపలు ఒడ్డున ఎక్కువే, కాబట్టి నాలుగు వేతలకొకసారి తోక ఉందో లేదో చూసుకోవాలి. తోక తెగింది ఆడదు.

నీటి పైనే చప్పుడు చేస్తూ వచ్చే పాపర్లు, పెన్సిల్ ల్యూర్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అద్దంలా నిదానంగా ఉన్న తెల్లవారుజామున పార కోసం అవి బ్రహ్మాండం. అల విరుగుతున్న నురగలో వాటి చప్పుడు ఏ చేపకు వినిపిస్తుంది?

రంగుకు విలువ లేదని కాదు. వరసలో అది నాలుగోది. లోతు, వేగం, సైజు కుదిరాక రంగు. నీళ్ళు తేటగా ఉంటే వెండి, నీలం, చేప రంగులు. మడ్డిగా ఉంటే తెలుపు, నిమ్మపండు పసుపు, బంగారు రంగు. చీకటి విడవని వేళ నల్లటి ల్యూర్ ఆకాశం మీద నీడలా స్పష్టంగా కనబడుతుంది. మడ్డి నీళ్ళలో చేప కంటితో కంటే ఒణుకుతో పసిగడుతుంది కాబట్టి అక్కడ బాగా ఊగే ల్యూర్, గరిటె తోక రబ్బరు చేప రంగుకు మించి పనిచేస్తాయి.

మడ్డి అంటే మన పెన్న గుర్తొస్తుంది. అనంతపురం, కడప జిల్లాల వాన నీళ్ళే సోమశిల దాటి నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తాయి. సోమశిల గేట్లు ఎత్తిన రోజుల్లో మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర ఎర్ర నీళ్ళకూ నీలి నీళ్ళకూ నడుమ గీత గీసినట్టు కనబడుతుంది. పండుగప్పకు ఆ గీత పుట్టిల్లు. ల్యూర్ ఆ గీతకు అడ్డంగా కాదు, గీత వెంబడే ఎర్ర నీళ్ళ అంచులో రావాలి. సముద్రం పాటు మొదలై నది నీళ్ళు బయటికి లాగుతున్న వేళ చిన్న చేపలు కొట్టుకొస్తాయి, అదే మంచి అదను. రబ్బరు చేపను 21 గ్రాముల తలతో ఒరవడికి వదిలి, దారం బిగువుగా ఉంచి కొట్టుకుపోనివ్వాలి. మీరు లాగాల్సింది చాలా తక్కువ. వరద ఉధృతంగా ఉన్నప్పుడు మాత్రం మొగ దగ్గరికి పోవద్దు. కాళ్ళ కింద ఇసుక కోసుకుపోతుంది, నిలబడ్డ గట్టే విరిగి పడుతుంది.

గాలాల మాటకొస్తే, కొత్త ల్యూర్‌తో వచ్చే మూడు కొక్కేల గాలాలను నమ్ముకోవద్దు. చెరువు కోసం చేసినవి ఉప్పు నీళ్ళలో ఒక్క ఆదివారానికే తుప్పు పడతాయి. వాటిని తీసేసి ఒంటి కొక్కెం గాలాలు వేసుకోవడం మేలు. పట్టు గట్టిగా ఉంటుంది, చిన్న చేపను గాయపరచకుండా వదిలేయవచ్చు, మన చేతికి గుచ్చుకున్నా ఒక్క కొక్కెమే గుచ్చుకుంటుంది. కడుపు కింది గాలం మొన ముందుకు చూడాలి, తోక గాలం మొన పైకి చూడాలి. బరువు తేడా వస్తే మినో ఆట చెడిపోతుంది కాబట్టి పాత గాలాన్ని రింగుతో సహా బంగారం తూచే చిన్న కాటా మీద తూచి, కొత్తది అర గ్రాము తేడా లోపల ఉండేలా చూసుకోండి. మొన పదును చూడడానికి బొటనవేలి గోటి మీద ఆనించి మెల్లగా లాగండి. గోటిలో దిగి ఆగితే పదునుంది. జారితే లేదు, సన్న ఆకురాయితో మూడు సార్లు మొన వైపుకు రాయండి. ఇసుకకు తగిలిన ప్రతి వేత తర్వాతా ఈ గోటి పరీక్ష చేసేవాళ్ళకు చేప తప్పడం చాలా తగ్గుతుంది.

రాడ్డు తొమ్మిదిన్నర నుంచి పదిన్నర అడుగులు. దాని మీద రాసిన బరువు 15 నుంచి 40 గ్రాములైతే అది బాగా విసిరేది 25, 30 గ్రాములను. 40 గ్రాములు బలవంతంగా విసిరితే చివర మెత్తబడి దూరం తగ్గుతుంది. దారం 20, 30 పౌండ్ల బ్రెయిడ్ (సన్న పోగులతో అల్లిన దారం), రెండు వందల మీటర్లు. దాని చివర మీటరున్నర లోపు 40 పౌండ్ల లీడర్, అంటే ల్యూర్‌కు ముందు కట్టే లావు దారం. రెండింటినీ కలిపే ముడి లావైతే రాడ్డు రింగుల్లో తట్టుకుంటుంది. సన్నగా వచ్చే ఎఫ్‌జీ ముడి నేర్చుకునేదాకా ఆ ముడి రాడ్డు కొస రింగుకు బయటే ఉండేలా లీడర్ పొట్టిగా పెట్టుకోండి. సావిడాయి, వంజరం లాంటి పళ్ళున్న చేపలు తిరుగుతుంటే జానెడు సన్న ఉక్కు వైరు మెటల్ ముందు కట్టాలి. మినో ముందు వైరు కట్టితే ఒణుకు చచ్చిపోతుంది, దానికి లావు లీడరే మేలు. దారం వదిలే వేలికి తోలు తొడుగు లేకపోతే బ్రెయిడ్ కత్తిలా కోస్తుంది. వెనక ఎవరైనా ఉన్నారేమో చూడకుండా విసరొద్దు. పిల్లలున్న చోట అసలే వద్దు.

లాగేటప్పుడు అలతో పేచీ ఉంటుంది. అల మన వైపుకు తోస్తున్నప్పుడు ల్యూర్ కూడా దానితో వస్తుంది, దారం వదులవుతుంది, ల్యూర్ చచ్చిపోతుంది. అప్పుడు వేగంగా తిప్పాలి. అల వెనక్కి లాగుతున్నప్పుడు ల్యూర్ దానంతటదే ఆడుతుంది, అప్పుడు నిదానించాలి. ఒకే వేగంతో తిప్పేవాళ్ళ ల్యూర్ సగం సేపు ఆడనే ఆడదు. వేత విరిగే అల వెనక పడాలి, నురగలో కాదు. ఆఖరి ఐదు మీటర్లు చాలా ముఖ్యం. చేప వెంట వచ్చి కాళ్ళ దగ్గరి కాలువ అంచున అందుకోవడం మామూలే, కాబట్టి వచ్చేసిందిలే అని ఎత్తేయకుండా ఇసుక తాకేదాకా లాగండి. పడిన చేపను ఒడ్డుకు తేవడం కూడా అల చూసే. వచ్చే అలతో లాగి పైకి తేవాలి, వెనక్కి పోయే అలలో బిగబట్టకుండా దారం వదలాలి. చేపలు తెంచుకునేది చాలావరకు ఆ వెనక్కి పోయే అలలోనే.

ఇదంతా సముద్రానికి పోయాకే నేర్చుకోవాలని లేదు. వారమంతా ఇక్కడే సాధన చేయవచ్చు. గాలాలు తీసేసిన మెటల్‌ను పంట కోసిన ఖాళీ చేలో విసిరి, అడుగులు లెక్కపెట్టండి. ఏ బరువు మీ రాడ్డు మీద ఎక్కువ దూరం పోతుందో ఒక్క సాయంత్రంలో తేలుతుంది. మైలవరం జలాశయం గట్టు మీద తేట నీళ్ళలో మినోను మూడు వేగాల్లో లాగి చూసుకోండి. ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఉప్పు నీళ్ళు బరువు, కాబట్టి మంచి నీళ్ళలో నడుమ నిలిచిపోయే ల్యూర్ సముద్రంలో పైకి తేలుతుంది, మెల్లగా మునిగేది ఇంకా మెల్లగా మునుగుతుంది. ఇంటికొచ్చాక వాడిన ల్యూర్లను వేరు డబ్బాలో తెచ్చి, మంచి నీళ్ళలో పావుగంట నానబెట్టి నీడలో ఆరబెట్టాలి. ఒక్క ఉప్పు తడి ల్యూర్ పెట్టెలో పెడితే పెట్టె మొత్తం తుప్పు పడుతుంది. రబ్బరు చేపలను మినోలతో కలిపి పెట్టొద్దు. రబ్బరు కరిగి మినో రంగును తినేస్తుంది. మన ఎండాకాలంలో మూసిన కారులో వదిలితే ఆ కరగడం ఒక్క మధ్యాహ్నానికే అవుతుంది.

అలివి వల, ఇతర వలలు నీళ్ళలో ఉన్న వైపు ల్యూర్ వేయకండి. తెగి వలలో చిక్కిన మూడు కొక్కేల గాలం మర్నాడు వల దులిపేవారి చేతిలో దిగుతుంది. వాళ్ళ బతుకు ఆ చేతుల మీదే. తెగిన బ్రెయిడ్ ముక్క ఒక్కటి కూడా ఇసుకలో వదలొద్దు. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరంలో తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి, వాటి కాళ్ళకు చుట్టుకుంటే విడిపించేవారు ఉండరు. ఆ నెలల్లో రాత్రిళ్ళు ఇసుక మీద టార్చి వెలుగులు కూడా తగ్గించుకోవాలి.

ఇప్పుడు విన్నపం. మీరు రోజూ పంచాంగం వేస్తారు. తిథి చూసుకుంటే పోటు బలం చాలావరకు తెలుస్తుంది. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజులు పోటుపాట్ల తేడా ఎక్కువ, అష్టమి దాటాక తక్కువ. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు, ఒక్కో రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతాయి. ఈ పున్నమికి ఏ వేళకు పోటు నిండిందో వచ్చే అమావాస్యకూ దాదాపు ఆ వేళకే నిండుతుంది. ఒడ్డు కాలువలో నీళ్ళు నిండి చేప దగ్గరికొచ్చేది పోటు నిండే ముందు రెండు గంటలు, నిండాక ఒక గంట. ఆ మూడు గంటలు తెల్లవారుజాముతో కలిసిన ఆదివారం బయలుదేరాలి, కలవని ఆదివారం మైలవరం గట్టు మీదే ఉండిపోవచ్చు. తిథి తెలిసినంత మాత్రాన గడియ తెలియదు కదా. సర్వే ఆఫ్ ఇండియా ఏటా పోటుపాట్ల పట్టికలు వేస్తుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు, గాలి, ఉప్పెన హెచ్చరికలు ఇస్తుంది. ఆ రెండింటి నుంచి కృష్ణపట్నం దగ్గరి ఆదివారపు పోటు వేళలు, అల ఎత్తు, గాలి దిక్కు తీసుకుని శనివారం కడప, అనంతపురం సంచికల్లో పంచాంగం పక్కనే మూడు వరుసల్లో వేయండి. అల హెచ్చరిక ఉన్న వారం దాన్ని ఎర్ర అక్షరాల్లో వేస్తే, బద్వేలు దాటకముందే బండి వెనక్కి తిప్పేవాళ్ళు ఉంటారు.

ఇట్లు,
గాలం వేటపై ఆసక్తి ఉన్న కొందరు పాఠకులు,
కడప